డీప్ ఫ్రిజ్‌లో పెట్టమనే ముందు ఏ కవరో చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఆడవాళ్ల పేజీలో వచ్చిన వంటింటి చిట్కాలు చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. పండుగకు మిగిలిన కూరలను కవర్లలో కట్టి డీప్‌లో పెట్టుకుంటే నెలల తరబడి పాడవవని అందులో రాశారు. చిట్కా తప్పని అనను, కానీ అది సగమే. ఏ కవర్లో కట్టాలి? వేడిగా ఉన్నప్పుడా, చల్లారాకనా? ఏ కూర ఎన్నాళ్లు ఉంటుంది? కరెంటు పోతే ఏం చేయాలి? ఇవేవీ లేవు. మా జడ్చర్ల చుట్టుపక్కల పేపర్లో వచ్చిందంటే నమ్మి, మరునాడే చేసి చూసే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇంత పొడుగు ఉత్తరం.

నేను అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. చిన్నపిల్లల తిండి దగ్గర ఎంత జాగ్రత్త కావాలో తల్లులకు చెప్పడమే నా ఉద్యోగం. ఇప్పుడు మా బిడ్డ హైదరాబాద్‌లో నర్సు, అల్లుడిది షిఫ్టుల పని. ఇద్దరూ అలసిపోయి ఇంటికొచ్చే వేళకు ఏదో ఒక కూర సిద్ధంగా ఉండాలని పుంటికూర మటన్, నాటుకోడి పులుసు, ఉడికించిన పప్పు, అల్లం ఎల్లిగడ్డ ముద్ద ఇక్కడే చేసి గడ్డకట్టించి పంపిస్తుంటాను. నేనొక్కదాన్నే కాదు. ఆదివారం సాయంత్రం మా బస్టాండ్‌లో హైదరాబాద్ బస్సులు ఆగే చోట నిలబడితే తెలుస్తుంది. పిల్లల చేతికి థర్మాకోల్ డబ్బాలు, స్టీలు క్యాన్లు, ముడేసిన కవర్లు అందించే అమ్మలు, అత్తలే కనిపిస్తారు. ఇన్ని ఇళ్లలో జరిగే పని ఇది. పద్ధతి మాత్రం ఎవరికి తోచింది వాళ్లది.

అన్నిటికంటే ముందు మటన్ కవర్ సంగతి చెప్పాలి. దసరాకు మన దగ్గర మటన్ లేని ఇల్లు తక్కువ. షాపులో నల్ల కవర్లో వేసి ఇస్తారు. ఇంటికి తెచ్చాక అప్పటికి కావలసింది తీసుకుని, మిగిలింది అదే నల్ల కవర్‌తో ముడేసి డీప్‌లో తోస్తారు. రెండు, మూడు కిలోలు ఒక్క ముద్దగా గడ్డకడుతుంది. తర్వాత ఓ పూటకు కావాలంటే విడిపోదు. కవర్ మాంసానికి అంటుకుని చిరుగులుగా ఊడొస్తుంది. మా వీధిలో ఒకామె ఆ ముద్దను నల్లా కింద నానబెట్టి, పైపైన మెత్తబడ్డ ముక్కలు ఊడదీసుకుని, లోపలి గడ్డను మళ్లీ డీప్‌లో పెడుతుంటే చూశాను. వద్దని చెప్పి, అక్కడే కూర్చుని అంతా వండించాను. పైభాగం కరిగి చాలాసేపైంది. అక్కడ సూక్ష్మజీవులు పెరగడానికి కావలసినంత వెచ్చదనం, తడి రెండూ ఉన్నాయి. దాన్ని మళ్లీ గడ్డకట్టిస్తే అవి చావవు, అలాగే ఉండిపోతాయి.

ఆ నల్ల కవర్ తిండి కోసం చేసింది కాదు. నల్ల రంగు కలిపితే, లోపల ఏ పాత ప్లాస్టిక్ కరిగించి పోశారో కంటికి తెలియదు. కేంద్ర ఆహార భద్రత సంస్థ 2018లో ప్యాకింగ్ నిబంధనలు తెచ్చినప్పుడే, పాత ప్లాస్టిక్‌తో చేసిన క్యారీ బ్యాగుల్లో ఆహారం పెట్టకూడదని రాసింది. ముద్రించిన పేపర్లో తిండి పొట్లం కట్టకూడదని కూడా అందులోనే ఉంది. ఈ మాట ఒక పేపర్‌కే రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మిర్చి బజ్జీలు ఇంకా పాత పేపర్లలోనే చుట్టి ఇస్తున్నారు. ఇంకొక అపోహ కూడా విన్నాను. కవర్ మందంగా ఉంటే మంచిదేనని అనుకుంటున్నారు. 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని క్యారీ బ్యాగులు వాడకూడదన్నది చెత్త తగ్గించడానికి పెట్టిన నిబంధన. మందంగా ఉన్నంత మాత్రాన అది కూర పోసుకునే కవర్ అయిపోదు.

కడిగి తీగ మీద ఆరేసిన పాల కవర్ల గురించీ చెప్పాలి. పొదుపు మనసుతో చేసే పని కాబట్టి నాకు వాళ్లను తప్పుపట్టాలని లేదు. కానీ ఆ కవర్ చల్లటి పాల కోసం, ఒక్కసారి వాడటానికి చేసింది. దాని మూలల్లో అతికిన చోట పాల జిడ్డు ఎంత కడిగినా పూర్తిగా పోదు. అందులో వేడి పప్పు పోస్తే మరీ తప్పు. ఈ పాలిథిన్ మరిగే నీళ్ల వేడికి దగ్గరపడుతుండగానే మెత్తబడుతుంది. వేడి చాయ్, వేడి సాంబారు కవర్లో పోయించుకుని వచ్చేవాళ్లకూ ఇదే మాట.

ఇంతకూ డీప్‌లో పెడితే ఏమవుతుందో తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. మన పెద్దవాళ్లు దాచిన పద్ధతులు వేరు. చింతకాయ తొక్కులో ఉప్పు, పులుపు ఉంటాయి. వరుగుల్లో, ఎండబెట్టిన మాంసంలో తడి ఉండదు. అక్కడ సూక్ష్మజీవి బతకడమే కష్టం. డీప్‌లో పెట్టిన కూరలో తడి ఎక్కడికీ పోలేదు, ఉప్పు మామూలుగానే ఉంది. దాన్ని కాపాడేది చలి ఒక్కటే. సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో సూక్ష్మజీవులు పెరగవు, అంతే. కాపలావాడు పక్కకు వెళ్లాడంటే, అంటే కరెంటు పోయి కూర కరిగిందంటే, ఆగిన పని మళ్లీ మొదలవుతుంది. తొక్కు జాడీకి ఇచ్చినంత నమ్మకం డీప్‌కు ఇవ్వకూడదనేది ఇందుకే.

అందుకే వండిన తర్వాత మొదటి రెండు గంటలే అసలు పరీక్ష. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మజీవులు త్వరత్వరగా పెరుగుతాయి. కూర రెండు గంటల్లోపు చల్లబడి ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మన పాలమూరు ఎండాకాలంలో ఇల్లే 35, 36 డిగ్రీలుంటే ఒక్క గంటే గడువు. పొద్దున వండి, గిన్నె మూతపెట్టి సాయంత్రం దాకా పొయ్యి మీదే ఉంచి, ఆ తర్వాత కవర్లోకి తీస్తే దాచినందుకు ఫలితం లేదు. అన్నం దగ్గర ఇంకా జాగ్రత్త. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. వాంతులయ్యాక నీళ్ల మీదో, మటన్ మీదో నెపం వేస్తుంటాం.

నేను చేసేది ఇది. కూరను లోతు గిన్నెలోంచి వెడల్పాటి స్టీలు పళ్లెంలోకి తీసి, ఆ పళ్లెం చల్లటి నీళ్లున్న పెద్ద బేసిన్‌లో పెట్టి గరిటెతో కలుపుతుంటాను. నీళ్లు వెచ్చబడితే మారుస్తాను. మటన్ కూరైనా అరగంట లోపే చేతికి చల్లగా తగులుతుంది. అప్పుడే కవర్లోకి. వేడి గిన్నె డీప్‌లో పెడితే పక్కనున్న గడ్డలు కూడా మెత్తబడతాయి.

కవర్ అంటే జిప్ ఉన్నదే, అందులో రెండు వరుసల జిప్ ఉన్నదే కొంటాను. డబ్బా మీద ఆహారానికి పనికొస్తుందని, ఫ్రీజర్‌కు పనికొస్తుందని రెండూ రాసి ఉండాలి. గ్లాసు, ఫోర్కు బొమ్మ ఉంటే అది ఆహారానికి వాడదగినదని గుర్తు. కవర్లో ఒక పూటకు సరిపడా మాత్రమే వేస్తాను. జిప్ అంచుకు కూర అంటుకుంటే మూత సరిగా పడదు కాబట్టి, కవర్ మూతిని గ్లాసు అంచు మీద మడిచినట్టు బయటికి మడిచి నింపాలి.

తర్వాత గాలి తీయాలి. చాలామంది వదిలేసేది ఇదే. మాంసం ముక్కల మీద తెల్లగా, ఎండిపోయిన మచ్చలు పడతాయి చూడండి, అవి లోపల మిగిలిన గాలి వల్ల వచ్చేవే. ముక్కలోని తడి మంచుగా మారి, ఆ మంచు గాలిలోకి ఆరిపోతుంది. ఆ ముక్క తింటే జబ్బు చేయదు కానీ అట్టముక్కలా ఉంటుంది. గాలి తీయడానికి మిషన్ అక్కర్లేదు. బకెట్‌లో చల్లటి నీళ్లు తీసుకుని, జిప్ ఒక మూల మాత్రం తెరిచి ఉంచి, కవర్‌ను మెల్లగా నీళ్లలోకి దించండి. మూతి నీళ్లపైనే ఉండాలి. నీళ్లు నాలుగు వైపులా నొక్కుతుంటే కవర్ ముక్కలకు అతుక్కుపోతూ, గాలి ఆ మూలలోంచి బుస్సుమని పోతుంది. నీళ్లు జిప్ దాకా రాగానే ఆ మూల మూసేయాలి. మా మనవడు ఈ పని ఎవరినీ చేయనివ్వడు, వాడే చేయాలి. చారు, పులుసులాంటి పల్చటి వాటికి మాత్రం కొంత జాగా వదలాలి. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, నిండుగా పోస్తే జిప్ విచ్చుకుంటుంది.

ఆ కవర్‌ను పళ్లెం మీద పడుకోబెట్టి, చేత్తో సమంగా పరిచి, రొట్టె మందాన గడ్డకట్టించాలి. ముద్దగా ఉంటే మధ్యభాగం గడ్డకట్టడానికి చాలాసేపు పడుతుంది, కరగడానికీ అంతే. పలుచగా ఉంటే రెండూ త్వరగా అవుతాయి, ముక్క రుచీ మిగులుతుంది. గడ్డకట్టాక పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు. అల్లం ఎల్లిగడ్డ ముద్దకు మా కల్వకుర్తి ఆడబిడ్డ చూపించిన ఉపాయం ఉంది. కవర్లో పలుచగా పరిచాక, గడ్డకట్టకముందే చాకు వీపుతో కవర్ పైనుంచి అడ్డంగా, నిలువుగా గీతలు నొక్కాలి. గడ్డకట్టాక ఒక్కో గడి పుటుక్కున విరుగుతుంది. ఒక కూరకు ఒక గడి. నూనె, ఎల్లిగడ్డ కలిపి సీసాలో వేసి బయట ఉంచుకునే అలవాటున్నవాళ్లు దయచేసి మానుకోండి. గాలి తగలని నూనె అడుగున బయటి వేడికి ప్రాణాంతకమైన విషం పుట్టే వీలుంది.

కవర్ మీద పేరు, తేదీ రాయాలి. ఖాళీ కవర్ మీద ముందే రాసుకోవాలి, చెమ్మ పట్టాక పెన్ను పనిచేయదు. గడ్డకట్టిన పప్పు, గడ్డకట్టిన కుర్మా ఒక్కలాగే ఉంటాయి.

ఇక మీ చిట్కాలోని "నెలల తరబడి" అన్న మాట. వండిన కూర ఫ్రిజ్ కింది అరల్లో మూడు, నాలుగు రోజులు. డీప్‌లో రెండు, మూడు నెలలు. చలి సరిగా ఉంటే ఆ తర్వాత కూడా విషమేం కాదు కానీ కొవ్వు వాసన మారుతుంది, పల్లీల మసాలా వేసిన కూరలో అది ఇంకా ముందే తెలుస్తుంది. ఒకే తలుపున్న ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న మంచు అర విషయం వేరు. ఫ్రిజ్ తీసిన ప్రతిసారీ దానికీ వేడి తగులుతుంది. అందులో ఐస్‌క్రీం రాయిలా గట్టిగా ఉండకపోతే, ఆ అరను నెలల లెక్కకు నమ్మొద్దు, వారం లోపు వాడేసుకోవాలి. మా ఊళ్లో సగం ఇళ్లలో ఉన్నవి ఈ ఫ్రిజ్‌లే.

అన్నీ డీప్‌కు పనికిరావు. ఆలుగడ్డ పిండి పిండిగా అవుతుంది. ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది. మజ్జిగ పులుసు విరిగినట్టవుతుంది. జొన్నరొట్టెను దాచాలని నేనెప్పుడూ అనుకోలేదు, అది పెనం మీది నుంచి పళ్లెంలోకి రావాల్సిందే. పచ్చి కందిగింజలు మాత్రం బాగా నిలుస్తాయి. చలికాలంలో కాయలు దొరికినప్పుడు ఒలిచి, మరిగే నీళ్లలో రెండు నిమిషాలుంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేసి, గుడ్డ మీద తడి ఆరాక కవర్లో పెడితే ఎండాకాలంలో కూడా పచ్చిగింజల కూర తినొచ్చు. ఆ రెండు నిమిషాల ఉడుకు లేకపోతే గింజ రంగు, రుచి డీప్‌లో ఉన్నా తగ్గిపోతాయి.

సీతాఫలం గురించి రాయకుండా ఉండలేను. దేశమంతా పండించే సీతాఫలం రకానికి మన బాలానగర్ పేరే ఉంది. వానాకాలం చివర్న రోడ్డు పొడుగునా గంపలు పెట్టుకుని ఆడవాళ్లు అమ్ముతుంటారు. ఈ పండుతో వచ్చిన చిక్కు, గంపంతా ఒక్కసారే పండి రెండు రోజుల్లో మెత్తబడిపోవడం. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెడితే పొట్టు నల్లబడి సరిగా పండదు. బయటే పండనిచ్చి, గింజలు తీసి, గుజ్జులో కొంచెం నిమ్మరసం కలిపి, పలుచగా పరిచి గడ్డకట్టించాలి. నిమ్మరసం లేకపోతే గుజ్జు గోధుమ రంగుకు తిరుగుతుంది. వేడి చేస్తే చేదెక్కుతుంది కాబట్టి ఉడికించొద్దు. గింజలు మిక్సీలో పడకుండా చూసుకోవాలి, అవి విషం, ఆ పొడి కంట్లో పడితే చాలా ప్రమాదం. గంపలో మెత్తబడ్డవన్నీ సాయంత్రానికి పారబోసి ఇంటికెళ్లే ఆ ఆడవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. మహిళా సంఘాలకు ఒక మంచి డీప్ ఫ్రీజర్, శుభ్రమైన గది, ఆగని కరెంటు ఇస్తే ఆ గుజ్జు ఐస్‌క్రీం వాళ్లకు అమ్ముకోవచ్చు. దీని మీద మీ విలేకరులు వివరంగా రాయాలని నా కోరిక.

కరెంటు పోయినప్పుడు మొదట చేయాల్సింది తలుపు తీయకపోవడం. విడిగా ఉండే డీప్ నిండుగా ఉంటే దాదాపు 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు చలి నిలుస్తుంది. మామూలు ఫ్రిజ్ అరలు నాలుగు గంటలే. ఊరెళ్లేవాళ్లు ఒక గ్లాసు నీళ్లు డీప్‌లో గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి వెళ్లాలి. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే సరే. గ్లాసు అడుగున దిగి ఉంటే, మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. ఎంత ఖరీదు పెట్టి కొన్న మటనైనా పారేయాల్సిందే. వాసన చూసి తేల్చుకోవద్దు, జబ్బు చేసే సూక్ష్మజీవులు ఉన్నా వాసన రాకపోవచ్చు.

కరిగించడం కూడా ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి చేయాలి, గట్టు మీద కాదు. తొందరగా కావాలంటే మూసిన కవర్‌ను చల్లటి నీళ్లలో ఉంచి, నీళ్లు అరగంటకోసారి మార్చి, కరగగానే వండేయాలి. వేడిచేస్తే ఆవిరి పొగలు వచ్చేదాకా, మధ్యలో కూడా కుతకుత ఉడికేదాకా వేడిచేయాలి. కవర్‌తో సహా మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. బస్సులో పంపేవాళ్లు గట్టి గడ్డలన్నీ ఒకదానికొకటి ఆనించి, డబ్బాలో ఖాళీ లేకుండా టవల్ కుక్కి పంపాలి. మా దగ్గరి నుంచి హైదరాబాద్ రెండు, రెండున్నర గంటలే కాబట్టి గడ్డ గడ్డగానే చేరుతుంది. చేరేసరికి లోపల ఇంకా మంచు పలుకులుంటే మళ్లీ డీప్‌లో పెట్టుకోవచ్చు. పూర్తిగా కరిగి వెచ్చబడితే పెట్టకూడదు.

ఇవన్నీ తెలిసినా సరైన కవర్ దొరకాలి కదా. ఆ మధ్య మా దగ్గర ఒక షాపులో తిండికి వాడేవేనని ఇచ్చిన జిప్ కవర్లు విప్పితే కిరసనాయిలు వాసన కొట్టాయి. ఏం రాసి ఉందో చూపించమంటే, షాపాయన ఇంగ్లిష్‌లో ఉన్న డబ్బా నా చేతికిచ్చి "మీరే చదువుకోండమ్మా" అన్నాడు. నేను చదివాను. అది బట్టలు, సామాన్లు సర్దుకునే కవర్. చదవడం రాని మా పక్కింటి అవ్వ ఎలా తెలుసుకోవాలి? 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనల్లో వివరాలు హిందీలోగానీ ఇంగ్లిష్‌లోగానీ ఉండాలని ఉంది, వాటితో పాటు ఇంకో భాషలో రాయొద్దని ఎక్కడా లేదు. మన దగ్గర అమ్ముకునే కంపెనీలు తెలుగులో రెండు ముక్కలు వేయడానికి అడ్డేముంది? ఇది తిండికి, ఇది తిండికి కాదు, వేడిది పోయొద్దు, ఫ్రీజర్‌కు పనికొస్తుంది. ఇంతే చాలు. అక్షరం రానివాళ్ల కోసం పక్కన బొమ్మ కూడా వేయాలి. మటన్, చికెన్ షాపుల్లో నల్ల కవర్ల మీద మున్సిపాలిటీ వాళ్లు, ఆహార భద్రత అధికారులు కలిసి తనిఖీ చేయాలి. ఇంటి నుంచి స్టీలు డబ్బా తెచ్చుకునేవాళ్లకు షాపువాళ్లు విసుక్కోకుండా అందులోనే వేసివ్వాలి.

మీకు నా విన్నపం ఒక్కటే. అదే ఆడవాళ్ల పేజీలో, ఆహార భద్రత అధికారితో మాట్లాడి, ఏ కవర్ వాడాలో బొమ్మలతో సహా పూర్తి పేజీ వేయండి. దసరాకు కనీసం వారం ముందు వస్తే మటన్ కొనే ఇళ్లన్నిటికీ పనికొస్తుంది. మా ఏరియా అంగన్‌వాడీ సెంటర్లలో, మహిళా సంఘం మీటింగ్ గదిలో ఆ పేజీ అతికించి చదివి వినిపించే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్,
జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా